సరిహద్దు దాటిన నర్సు చదువు



నర్సింగ్ చదివినవాళ్ల దగ్గర రెండు కాగితాలుంటాయి. ఒకటి చదువు పూర్తయిందని యూనివర్సిటీయో పరీక్షల బోర్డో ఇచ్చేది. రెండోది, ఈ మనిషి రోగికి సూది వేయొచ్చు, కాన్పు చేయొచ్చు అని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్. పేరు పక్కన ఆర్.ఎన్., ఆర్.ఎం. అని రాసుకునే హక్కు ఈ రెండోదాంతోనే వస్తుంది. బయటివాళ్లకు ఈ తేడా అంతగా తెలియదు. చదివినవాళ్లకైనా దాని బరువు పూర్తిగా తెలిసేది, ఒక రాష్ట్రంలో చదివి ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం వెతుక్కున్నప్పుడే.

ఇది ఎవరో కొద్దిమంది ఇబ్బంది కాదు. అనంతపురం వాళ్లకు విజయవాడ కన్నా బెంగళూరు దగ్గర. చిత్తూరు వాళ్లకు వేలూరు, చెన్నై దగ్గర. ఎక్కడ సీటు దొరికితే అక్కడ, ఎక్కడ ఫీజు తట్టుకోగలిగితే అక్కడ చేరతారు. అటునుంచి కేరళ పిల్లలు మన కాలేజీల్లో చదువుకోవడానికి వస్తారు. మన ఆస్పత్రుల్లో తెల్లకోటు సిస్టర్ కనిపిస్తే చాలు, "మీది కేరళా అమ్మా?" అని అడగడం రోగుల బంధువులకు అలవాటే. ఆ సిస్టర్ ఎమ్మిగనూరు అమ్మాయి అయినా సరే!

నర్సుల రిజిస్టరు రాష్ట్రానికో చోట ఎందుకుందో ముందు చూద్దాం. మన దేశంలో దీనికి దారి వేసింది 1926 నాటి మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కాబట్టి మన నర్సుల రిజిస్ట్రేషన్ చరిత్ర కూడా అక్కడే మొదలవుతుంది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తమ తమ చట్టాలు చేసుకున్నాయి. ఎవరి సిలబస్ వాళ్లది, ఎవరి పరీక్ష వాళ్లది. 1946లో ఆరోగ్య సేవల మీద వేసిన భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చేనాటికి దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు ఉంది. అంత తక్కువ మంది ఉన్నచోట, ఉన్న ఆ ఒక్కరికీ పక్క రాష్ట్రంలో పని చేసే వీలు లేకపోతే ఎలా? ఈ చిక్కు విప్పడానికే 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే ప్రమాణం ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఆ చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. కేంద్ర కౌన్సిల్ గుర్తించిన అర్హత ఏ రాష్ట్ర రిజిస్టరులో చేరడానికైనా సరిపోతుందని అందులో స్పష్టంగా రాశారు. వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే ఇది చెల్లుతుందని కూడా రాశారు. అంటే కర్ణాటకలో గుర్తింపు పొందిన బీఎస్సీ నర్సింగ్ ఆంధ్రప్రదేశ్‌లోనూ చదువే, తెలంగాణలోనూ చదువే. డెబ్బై ఏళ్లకు పైగా చట్టం మాట ఇదే.

మరి ఆఫీసు మాట ఏమిటి? బెంగళూరులో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ముగించి, కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరై, రెండేళ్లు అక్కడే ఓ ఆస్పత్రిలో పనిచేసి, పెళ్లయి హైదరాబాద్ వచ్చిన అమ్మాయి ఉందనుకుందాం. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగానికి నోటిఫికేషన్ పడింది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారే, అలాంటి నోటిఫికేషన్ అన్నమాట. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చేది. దరఖాస్తు చేయాలంటే ఈ రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు ఉండాలి. ఆమె పేరు కర్ణాటకలో ఉంది. ఇక్కడికి మార్చుకోవడాన్ని రెసిప్రోకల్ రిజిస్ట్రేషన్ అంటారు. అందుకు పాత కౌన్సిల్ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తేవాలి. ఆ ఎన్‌వోసీ నిజమైనదేనని పాత కౌన్సిల్ కొత్త కౌన్సిల్‌కు చెప్పాలి. కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు కావాలి, ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలు, ఏ వార్డులో ఎన్ని వారాలు అన్న వివరాలతో. యూనివర్సిటీ నుంచి పట్టా. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఒరిజినల్సన్నీ.

ఇందులో ఏ ఒక్కటీ అనవసరం అనను. కానీ వీటిని ఎవరు ఎవరికి చేరవేస్తున్నారో గమనించండి. ఒక ప్రభుత్వ కౌన్సిల్ ఇంకో ప్రభుత్వ కౌన్సిల్‌ను అడగాల్సిన ప్రశ్నకు జవాబును, ఉద్యోగం కావాల్సిన అమ్మాయి రైలెక్కి మోసుకొస్తోంది. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే క్యూలో నిలబడుతోంది. నోటిఫికేషన్ గడువు మాత్రం ఆమె రైలు కోసం ఆగదు.

ఇక పేరు గొడవ. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పూర్తిగా. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. బెంగళూరు కాలేజీ అడ్మిషన్ క్లర్కుకు మన ఇంటిపేర్ల సంగతి తెలియదు, అందుకని తండ్రి పేరును వెనక చేర్చి మార్కుల మెమోలు ఇచ్చేస్తాడు. పెళ్లయ్యాక ఓటరు కార్డు మీద అత్తింటి పేరు వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఒకే మనిషికి నాలుగు కాగితాల మీద నాలుగు పేర్లు. నలుగురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవాలి, పేపర్లో ప్రకటన వేయించుకోవాలి, గెజిట్ కూడా కావాలనొచ్చు. నర్సింగ్ విద్యార్థులకు నా సలహా ఎప్పుడూ ఒకటే. మొదటి సంవత్సరం హాల్‌టికెట్ చేతికి రాగానే పాఠం తెరవకముందు పేరు చూసుకోండి. అప్పుడు దిద్దించుకోవడానికి ఒక అర్జీ చాలు. నాలుగేళ్ల తరవాతైతే ఆ పేరు చుట్టూ ఒక ఫైలే తయారవుతుంది.

తెలుగువాళ్లకు దీంట్లో ఇంకో అనుభవం ఉంది, మిగతా రాష్ట్రాలవాళ్లకు అంతగా లేనిది. మనవాళ్లు చాలామంది కదలకుండానే పరాయి రాష్ట్రం వాళ్లయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయింది. గుంటూరులో జీఎన్ఎం డిప్లొమా చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నర్సు జూన్ 1 రాత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు సొంత రాష్ట్రంలోనే ఉంది. పొద్దున డ్యూటీ దిగేసరికి ఆమె చదువు వేరే రాష్ట్రం చదువైంది. రాత్రంతా ఎక్కించిన సెలైన్లు, రాసిన చార్టులు మారలేదు. తరవాత రెండు రాష్ట్రాలకు రెండు కౌన్సిళ్లు, రెండు రిజిస్టర్లు వచ్చాయి. ఆరోగ్య విశ్వవిద్యాలయాలు కూడా రెండయ్యాయి, విజయవాడలో ఎన్టీఆర్ పేరున, వరంగల్‌లో కాళోజీ పేరున. ఒకే పాఠ్యపుస్తకాలు, ఒకే కేంద్ర సిలబస్, చాలాచోట్ల అవే ట్యూటర్లు. రాష్ట్రం గీత నర్సు నైపుణ్యం గురించి ఎంత తక్కువ చెబుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అలాగని కౌన్సిళ్ల అనుమానం అంతా వట్టిదే అంటే అది నిజం కాదు. అవతలి పక్షం కూడా వినాలి.

నర్సు చదువు పుస్తకంలో పూర్తయ్యేది కాదు. పాత సిలబస్ ప్రకారం బీఎస్సీ విద్యార్థిని ఇరవై మామూలు కాన్పులు స్వయంగా చేసి కేస్ బుక్‌లో రాసి, ఇన్‌ఛార్జి సిస్టర్ సంతకం తీసుకోవాలి. అందుకే కాలేజీకి కనీసం వంద పడకల సొంత ఆస్పత్రి ఉండాలని నియమం పెట్టారు. ఆస్పత్రి కాగితం మీదే ఉంటే? ఉన్నా అందులో కాన్పులే జరక్కపోతే? ఒకే వార్డుకు మూడు కాలేజీల పిల్లలను పంపిస్తే? అప్పుడు కేస్ బుక్ నిండుతుంది గానీ చెయ్యి తిరగదు. ఆ చెయ్యి తిరగని నర్సు ఏ రాష్ట్రంలో పనిచేస్తుందో ఆ రాష్ట్రంలోని తల్లీబిడ్డలే ఆ లోటును భరించాలి.

మధ్యప్రదేశ్‌లో జరిగింది పత్రికల్లో చూసే ఉంటారు. అక్కడి నర్సింగ్ కాలేజీల్లో భవనాలు, ఆస్పత్రులు, అధ్యాపకులు లేకుండానే అనుమతులొచ్చాయని హైకోర్టులో వ్యాజ్యం పడింది. కోర్టు సీబీఐ చేత తనిఖీ చేయించింది. 2024 మే నెలలో ఆ తనిఖీకి వెళ్లిన సీబీఐ అధికారులనే, కాలేజీలకు అనుకూలంగా నివేదికలు రాయడానికి లంచాలు తీసుకున్నారని సీబీఐ అరెస్టు చేసింది. సరిగ్గా ఉన్నాయని తేల్చిన కాలేజీలను కూడా ఈసారి న్యాయాధికారులను వెంటబెట్టుకుని మళ్లీ చూడమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. తనిఖీకే తనిఖీ! ఆ రాష్ట్రం నుంచి వచ్చిన సర్టిఫికెట్‌ను ఇంకో కౌన్సిల్ గుమస్తా రెండుసార్లు తిప్పి చూశాడంటే అతన్ని తప్పుపట్టలేం. నష్టం మాత్రం అక్కడ నిజాయతీగా, మంచి కాలేజీలో చదువుకున్న పిల్లలది.

కర్ణాటక కథ వేరు. అక్కడ తగాదా కాలేజీలు మంచివా చెడ్డవా అని కాదు, గుర్తింపు ఎవరివ్వాలి అని. అర్హతలను గుర్తించే అధికారం కేంద్ర కౌన్సిల్‌కు ఉంది గానీ కాలేజీలను గుర్తించే అధికారం ఎక్కడుంది, మాకు రాష్ట్ర కౌన్సిల్, రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం చాలు అని కాలేజీల యాజమాన్యాలు వాదించాయి. 2017లో కేంద్ర కౌన్సిల్ వెబ్‌సైట్ జాబితా నుంచి కర్ణాటక కాలేజీల పేర్లు మాయమయ్యాయి. హైకోర్టు యాజమాన్యాల వాదన వైపే మొగ్గింది. చట్టం లోతుల్లోకి నేను వెళ్లను, వకీళ్లు చూసుకుంటారు. అయితే ఆ వేసవిలో కర్ణాటకలో సీటు కోసం డబ్బు కట్టబోతున్న కేరళ, తెలుగు తల్లిదండ్రుల పరిస్థితి ఆలోచించండి. కర్ణాటకలో చెల్లుతుందని హామీ ఉంది. సొంత రాష్ట్రంలో చెల్లుతుందా అంటే ఎవరూ గట్టిగా చెప్పరు. పెద్ద ఆఫీసులు రెండు అధికారం కోసం కోర్టుకెక్కితే, మధ్యలో చిక్కుకున్నది పద్దెనిమిదేళ్ల పిల్లలు.

వృత్తులకు సంబంధించిన చట్టాలు మన రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, ఇరవై ఆరో అంశం. కేంద్రమూ చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు. ఉన్నత విద్య ప్రమాణాలను సమన్వయం చేసే పని మాత్రం కేంద్రానిది. ఆ రెండింటి సందులోంచే ఈ తగాదాలన్నీ పుడతాయి.

ఈ చిక్కు మనకొక్కరికే ఉందనుకోకండి. అమెరికాలో యాభై రాష్ట్రాలు, రాష్ట్రానికో నర్సింగ్ బోర్డు. అక్కడ చట్టంతో నర్సులను నమోదు చేయడం 1903లో నార్త్ కరోలినాతో మొదలైంది. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే, ఎన్‌క్లెక్స్. మన పిల్లలు హైదరాబాద్‌లో కూర్చునే ఆ పరీక్ష రాయొచ్చు. పరీక్ష ఒకటే అయినప్పుడు చదువు ఏ రాష్ట్రానిదైతేనేం అనిపిస్తుంది కదా? అక్కడే ఒక మంచి తగాదా నడిచింది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్సెల్సియర్ అని ఒక కాలేజీ ఉంది. అది దూరవిద్యలో నర్సింగ్ నేర్పింది. ఎవరికి? అప్పటికే ఆస్పత్రుల్లో ప్రాక్టికల్ నర్సులుగా, అంబులెన్సుల్లో పారామెడిక్కులుగా ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లకు. వాళ్లు ఉద్యోగం మానకుండా ఇంట్లో చదువుకుని, చివర్లో ఒక ఆస్పత్రిలో రెండు మూడు రోజులు వరసగా అసలు రోగుల దగ్గర పరీక్ష ఇవ్వాల్సి ఉండేది. మందు మోతాదు లెక్కలో తప్పినా, చేతులు కడుక్కోవడం మరిచినా ఆ పరీక్ష పోయినట్టే. అది నెగ్గితే డిగ్రీ వచ్చేది, ఆపైన అందరిలాగే ఎన్‌క్లెక్స్. చాలా రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియా బోర్డు అడ్డం తిరిగింది. చదువుకునే కాలంలో అధ్యాపకుల పర్యవేక్షణలో వార్డులో గడిపిన గంటలు మాకు కావాలి, చివరి పరీక్ష ఎంత కఠినమైనా ఆ గంటలకు బదులు కాదు అంది. 2003 డిసెంబరు 6 తరవాత ఆ కాలేజీలో చేరినవాళ్లకు కాలిఫోర్నియా తలుపులు మూసేసింది.

ఎవరిది న్యాయం? ఒక మనిషికి పని వచ్చని పరీక్షలో రుజువైతే చాలా, లేక ఆ పని ఎలా నేర్చుకుందో కూడా చూడాలా? నర్సింగ్ చెప్పిన ఎవరినడిగినా వెంటనే జవాబివ్వరు. నా మటుకు నాకు కాలిఫోర్నియా అడిగిన ప్రశ్న సరైనదే. వార్డులో తప్పు చేయబోయి, పక్కనే ఉన్న ట్యూటరమ్మ చెయ్యి పట్టుకుని ఆపితే నేర్చుకునే పాఠం పరీక్షలో రాదు. కానీ పదిహేనేళ్లు ఐసీయూలో పనిచేసిన ప్రాక్టికల్ నర్సుకూ, నిన్న ఇంటర్ పాసైన పిల్లకూ ఒకే గంటల లెక్క వేయడం దగ్గర ఆ బోర్డు తప్పిందనుకుంటాను. చూడాల్సింది ఆమె ఏం నేర్చుకోలేదో, అంతవరకే.

కాలిఫోర్నియా అలా పట్టుపట్టడాన్ని పూర్తిగా కొట్టిపారేయడం 2023 తరవాత ఎవరికీ కుదరలేదు. ఆ ఏడాది జనవరిలో అమెరికా దర్యాప్తు సంస్థలు ఆపరేషన్ నైటింగేల్ పేరుతో ఒక కుంభకోణం బయటపెట్టాయి. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్లు పాఠమూ లేకుండా, వార్డూ లేకుండా 7,600కు పైగా డిప్లొమాలు అమ్మాయి. ఒక్కోటి పది నుంచి పదిహేను వేల డాలర్లు. వాటిని కొన్నవాళ్లలో రెండు వేల మందికి పైగా ఎన్‌క్లెక్స్ పరీక్ష కూడా పాసయ్యారు! ఫ్లోరిడాలో కొన్న కాగితంతో వేరే రాష్ట్రాల్లో లైసెన్సులు తీసుకుని ఆస్పత్రుల్లో చేరారు. టెక్సాస్, జార్జియా, డెలావేర్ లాంటి రాష్ట్రాల బోర్డులు వెనక్కి తిరిగి ఎవరి సర్టిఫికెట్ ఎక్కడిదో వెతుక్కోవాల్సి వచ్చింది. నర్సుల దర్యాప్తుకు నైటింగేల్ పేరు పెట్టడంలో ఒక వింత కూడా ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన కాలంలో నర్సుల రిజిస్ట్రేషన్‌కే వ్యతిరేకి. మంచి నర్సుకు కావలసిన గుణం పరీక్షల్లోనూ రిజిస్టర్లలోనూ దొరకదని ఆవిడ పట్టు. ఆవిడకు ఎదురు నిలిచి దశాబ్దాలు పోరాడిన ఎథెల్ ఫెన్‌విక్ చివరికి నెగ్గింది. 1919లో బ్రిటన్ చట్టం చేసింది, ఆ రిజిస్టరులో మొదటి పేరు ఫెన్‌విక్‌దే.

అమెరికా ఈ గొడవకు వెతుక్కున్న ఒక దారి నాకు నచ్చుతుంది. నర్స్ లైసెన్స్ కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం. 2000 సంవత్సరంలో మొదలై, 2018లో కొత్త రూపం తీసుకుంది. ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇంకా బయటే. ఒప్పందంలో ఉన్న రాష్ట్రంలో కాపురం ఉన్న నర్సు అక్కడ ఒక్క లైసెన్సు తీసుకుంటే, మిగతా సభ్య రాష్ట్రాలన్నింటిలోనూ పని చేయొచ్చు. కాపురం మారిస్తే అరవై రోజుల్లోగా కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేసుకోవాలి. ఊరికే నమ్మకం మీద నడిచేది కాదిది. చదువు, పరీక్ష, వేలిముద్రలతో నేరచరిత్ర తనిఖీ లాంటి ఉమ్మడి షరతులున్నాయి. అసలు గట్టిదనం ఇంకోచోట ఉంది. బోర్డులన్నీ ఒకే కంప్యూటర్ రికార్డులో చూసుకుంటాయి. ఒక రాష్ట్రంలో నర్సు మీద చర్య తీసుకుంటే మిగతా బోర్డులకు తెలిసిపోతుంది. ప్రశ్నలూ జవాబులూ బోర్డు నుంచి బోర్డుకే నడుస్తాయి. నర్సు వాటిని మోయక్కర్లేదు. రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర నియమాలే వర్తిస్తాయి కాబట్టి రాష్ట్రాల అధికారం కూడా పోలేదు.

కరోనా రోజుల్లో ఈ గీతలన్నీ ఎంత తొందరగా చెరిపేయొచ్చో చూశాం. ఒప్పందంలో లేని న్యూయార్క్ కూడా 2020 మార్చిలో వేరే రాష్ట్రాల నర్సులు తన లైసెన్సు లేకుండా పనిచేయొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర 2021 మే మొదట్లో, రెండో వేవ్ పీక్కుతింటున్నప్పుడు, బీఎస్సీ, జీఎన్ఎం పాసైన నర్సులను సీనియర్ల పర్యవేక్షణలో పూర్తికాలం కోవిడ్ డ్యూటీలో వేసుకోవచ్చని కేంద్రం చెప్పింది. ఆపద రోజుల నియమమే మామూలు రోజులకూ ఉండాలనడం లేదు. ఆపదలో చూసీచూడనట్టు పోయేది, ఆపద తీరాక నెలల తరబడి ఎందుకు ఆగుతుందని అడగొచ్చు కదా.

జర్మనీ గురించి రెండు మాటలు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ భాష నేర్పించి అక్కడికి పంపుతోంది. అక్కడ కూడా గుర్తింపు ఇచ్చేది రాష్ట్రాల అధికారులే, పదహారు రాష్ట్రాలు. వాళ్ల సొంత చదువులో 2,100 గంటల పాఠం, 2,500 గంటల పని ఉంటాయి. మన నర్సు కాగితాలను వాటి పక్కన పెట్టి పోలుస్తారు. తేడా ఉంటే, చెల్లదు పొమ్మనరు. మీకు వృద్ధుల సేవలో ఇన్ని గంటలు తక్కువయ్యాయి, ఈ విభాగంలో పని చేయలేదు అని రాసిస్తారు. తరవాత ఆ లోటు మేరకు శిక్షణకు వెళ్లొచ్చు, లేదా పరీక్ష రాయొచ్చు. చాలా నెలలు పడుతుంది, భాష కూడా కష్టమే, వెళ్లినవాళ్లు సణుగుతారు. కానీ ఏం తక్కువైందో లిఖితపూర్వకంగా చెప్పే ఆ పద్ధతి మన కౌన్సిళ్లకు కావలసింది. మన దగ్గర ఎక్కువగా వినిపించే జవాబు "మళ్లీ రండి". ఏం తీసుకుని మళ్లీ రావాలో ఒకేసారి చెబితే సగం బాధ తీరుతుంది.

మన దేశంలో కదలిక లేదని అనలేం. కేంద్ర కౌన్సిల్ నర్సుల రిజిస్ట్రేషన్, ట్రాకింగ్ వ్యవస్థ పెట్టింది. ఆధార్‌తో జతపడి ప్రతి నర్సుకు దేశమంతటా ఒకే నంబరు ఇస్తుంది. ఆ నంబరు తీస్తే ఆమె ఎక్కడ చదివిందో, ఎక్కడ రిజిస్టరైందో కనిపించాలి. 2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1947 నాటి చట్టం స్థానంలో తెచ్చిందే ఇది. జాతీయ కమిషన్, రాష్ట్రాల్లో కమిషన్లు, కాలేజీల తనిఖీకి, రేటింగుకు విడిగా ఒక బోర్డు, నీతినియమాలకు, రిజిస్ట్రేషన్‌కు మరో బోర్డు. ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు మారుతుండే జాతీయ రిజిస్టరు కూడా అందులో ఉంది. రాత చక్కగానే ఉంది. 1947 చట్టం రాత కూడా చక్కగానే ఉండేది, అది మరవకూడదు. పదకొండో సెక్షన్ ఉండగానే కదా ఆ అమ్మాయి క్యూలో నిలబడింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. అనుమానం కాలేజీ మీద ఉంటే కాలేజీకి అనుమతి ఇచ్చేటప్పుడే తేల్చుకోవాలి. ప్రతి ఏటా వార్డులు చూడాలి, కాన్పుల రిజిస్టరు చూడాలి, పిల్లలతో విడిగా మాట్లాడాలి. నాలుగేళ్లు ఫీజులు వసూలు చేయనిచ్చి, పరీక్షలు రాయనిచ్చి, పాస్ చేసి, రిజిస్టరు కూడా చేసి, ఆమె సరిహద్దు దాటాక అప్పుడు ఆ కాలేజీ సంగతి అడగడం ఏం పద్ధతి? ఒకసారి ఒక రాష్ట్రం రిజిస్టరు చేసిందంటే రెండో రాష్ట్రం అడగాల్సింది మూడే ముక్కలు. ఈ మనిషి ఆ మనిషేనా, రిజిస్ట్రేషన్ నడుస్తోందా, ఆమె మీద ఏదైనా చర్య ఉందా. ఇవి ఆఫీసు ఆఫీసును అడగాల్సినవి. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తామని గడువు పెడితే, కౌన్సిళ్లు వాటంతట అవే చురుగ్గా కదులుతాయి.

అది జరిగేలోగా పిల్లల్ని వేరే రాష్ట్రానికి పంపే తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఏజెంటు చూపించే రంగుల బ్రోషర్ పక్కన పెట్టండి. కాలేజీ పేరు కేంద్ర కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో, మీ పిల్ల చేరే సంవత్సరానికి ఉందో లేదో మీరే చూసుకోండి. పోయినేడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. తరవాత మీ సొంత రాష్ట్ర కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి. జవాబు వస్తే దాచుకోండి, రాకపోతే మీరు అడిగినట్టు రుజువైనా దాచుకోండి. కాలేజీకి వెళ్లినప్పుడు క్లాసురూముల కన్నా ముందు ఆస్పత్రి చూపించమనండి. వార్డులో మంచాల మీద రోగులున్నారా, ప్రసూతి వార్డులో పసిపిల్లల ఏడుపు వినిపిస్తోందా చూడండి. ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. ఫీజు బాకీ పేరుతో వాటిని పట్టుకునే కాలేజీలు ఉన్నాయి, వాటిని విడిపించుకోవడానికి ఎన్‌వోసీ కన్నా ఎక్కువ తిరగాలి.

చదువుతున్న పిల్లలకు ఒక మాట. కేస్ బుక్, ప్రాక్టికల్ రికార్డు, సంవత్సరాల వారీ పోస్టింగుల పట్టిక, ఇవన్నీ సంతకాలయ్యాక ఒక్కో పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. మీరు జర్మనీ వెళ్లినా జగిత్యాల వెళ్లినా గంటల లెక్క అడుగుతారు. అప్పటికి మీ ప్రిన్సిపల్ మారిపోవచ్చు, కాలేజీయే మూతపడొచ్చు.